ఆకాశంలో మసి పొరలు

కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగున పేరుకునేదీ, కిరోసిన్ లాంతరు చిమ్నీకి పట్టేదీ, పాత డీజిల్ లారీ ఎత్తు ఎక్కుతూ వెనక గొట్టం నుంచి గుప్పున వదిలేదీ ఒకటే పదార్థం. ఇళ్లలో దాన్ని మసి అంటారు. వాతావరణ శాస్త్రం దానికి పెట్టిన పేరు బ్లాక్ కార్బన్. మంటకు గాలి చాలినంత అందితే ఇంధనంలోని కార్బన్ దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. గాలి చాలకపోయినా, మంట మధ్యలో చల్లబడినా కొంత కార్బన్ కాలకుండా మిగిలి, నల్లటి నలుసులై పొగతో పాటు పైకి లేస్తుంది. కాటుక పట్టేవాళ్లు ఈ పనిని కావాలనే చేస్తారు. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తే మంట కొస చల్లటి లోహానికి తగిలి, పూర్తిగా కాలని కార్బన్ పళ్లేనికి మెత్తగా అంటుకుంటుంది. పళ్లెం లేకపోతే అదే మసి గాలిలోకి పోయేది.

మంటలో మొదట పుట్టే మసి గోళాల వ్యాసం 20 నుంచి 50 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఈ గోళాలు పుట్టీ పుట్టగానే ఒకదానికొకటి అతుక్కుని గొలుసులుగా, గుత్తులుగా తయారవుతాయి. అప్పటికీ అవి కంటికి ఆనవు. లక్షలకొద్దీ కలిస్తేనే పొగలా కనిపిస్తాయి. నీటిలో కరగవు, ఎంత వేడికీ తేలిగ్గా ఆవిరి కావు. అన్నిటికీ మించి, కంటికి కనిపించే వెలుగులోని రంగులన్నిటినీ పీల్చుకుంటాయి. నల్లగా కనిపించేది అందుకే.

గాలిలో తేలే సన్నని కణాలన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. సముద్రపు ఉప్పు, ఎడారి దుమ్ము, బొగ్గు కాల్చినప్పుడు వెలువడే గంధకం నుంచి పుట్టే సల్ఫేట్ కణాలు, మసి అన్నీ ఈ కోవలోవే. వీటిలో ఎక్కువ భాగం ఎండను చెదరగొట్టి, కొంత అంతరిక్షంలోకి తిప్పి పంపి భూమిని చల్లబరుస్తాయి. మసి దారి వేరు. అది ఎండను మింగి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇస్తుంది. భూమిని వేడెక్కించేవాటి జాబితాలో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి వాయువుల పక్కన ఈ ఘన పదార్థం పేరు కూడా చేరింది ఈ గుణం వల్లే.

వాయువులకూ మసికీ ఇంకో పెద్ద తేడా ఆయుష్షులో ఉంది. ఈరోజు గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు ఉండిపోతుంది, ప్రపంచమంతా ఒకేలా పరుచుకుంటుంది. మసి ఆయుష్షు కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాలే. వాన దాన్ని కడిగేస్తుంది, లేదంటే మెల్లగా నేలకు దిగుతుంది. అందుకే మసి ఎక్కడ పుట్టింది, ఏ కాలంలో పుట్టింది, ఎంత ఎత్తుకు చేరిందన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే తప్ప అది వాతావరణాన్ని ఏం చేస్తుందో చెప్పలేం. ఈ మూడిట్లో ఎత్తు సంగతి తేల్చడం అన్నిటికంటే కష్టం. ఆ పనిలో సికింద్రాబాద్ శివార్ల నుంచి జరిగిన పరిశోధనలకు ప్రత్యేక స్థానం ఉంది.

టేపు మీద నల్ల చుక్కలు

మసిని కొలిచే పరికరాల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది ఏథలోమీటర్. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో టోనీ హాన్సెన్, హాల్ రోజెన్, టీకా నోవకోవ్ దీన్ని రూపొందించి, 1984లో దాని వివరాలు ప్రచురించారు. బ్లాక్ కార్బన్ అనే మాటను శాస్త్రంలో స్థిరపరిచినవారిలో నోవకోవ్ ముఖ్యుడు.

పరికరం పని చేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. చిన్న పంపు బయటి గాలిని పీల్చి, క్వార్ట్‌జ్ నారతో చేసిన తెల్లటి టేపు గుండా పంపుతుంది. గాలి దాటిపోతుంది, కణాలు టేపు మీద చిక్కుకుంటాయి. పైనుంచి దీపాలు వెలుగుతాయి, కింద ఉన్న గ్రాహకం టేపులోంచి ఎంత వెలుగు దిగిందో చూస్తుంది. మసి పేరుకున్న కొద్దీ దిగే వెలుగు తగ్గుతుంది. ఐదు నిమిషాల్లో ఎంత తగ్గింది, ఆ ఐదు నిమిషాల్లో ఎంత గాలి టేపు గుండా పోయింది అన్న రెండు లెక్కలతో ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల మసి ఉందో తేలుతుంది. చుక్క మరీ నల్లబడితే టేపు కాస్త ముందుకు జరిగి కొత్త చుక్క మొదలవుతుంది. రద్దీ రోడ్డు పక్కన ఉదయం పూట టేపు గబగబా జరుగుతుంది, వానలు కురిసే రోజుల్లో నింపాదిగా కదులుతుంది. వాడేసిన టేపు చుట్ట విప్పితే బూడిద రంగు నుంచి కాటుక నలుపు దాకా వరసగా చుక్కలు కనిపిస్తాయి.

ఈ కొలతల్లో చిక్కులూ ఉన్నాయి. టేపులోని నారలు వెలుగును చెదరగొడతాయి. చుక్క నల్లబడిన కొద్దీ పరికరం అసలు కంటే తక్కువ చూపించే ప్రమాదం ఉంది. వీటిని సరిదిద్దే గుణకాలు వేయకుండా ఏ అంకెనూ వాడరు. కొత్త నమూనాలు ఒకేసారి రెండు చుక్కలను వేర్వేరు వేగంతో నింపి, రెండిటినీ పోల్చి తమను తామే సరిదిద్దుకుంటాయి.

వాడుకలో ఉన్న నమూనాలు ఏడు రంగుల వెలుగుతో కొలుస్తాయి. అతినీలలోహితానికి చెందిన 370 నానోమీటర్ల తరంగం నుంచి, కంటికి కనిపించని పరారుణంలోని 950 నానోమీటర్ల దాకా ఈ ఏడూ విస్తరించి ఉంటాయి. మసి పరిమాణానికి ప్రామాణికంగా తీసుకునేది 880 నానోమీటర్ల కొలత. అక్కడ వెలుగును పీల్చేది దాదాపు మసి ఒక్కటే. కట్టెలు, గడ్డి, చెత్త కాలినప్పుడు వచ్చే పొగలో గోధుమ రంగు సేంద్రియ పదార్థాలు కూడా ఉంటాయి, అవి చిన్న తరంగాలను ఎక్కువగా పీలుస్తాయి. కాబట్టి 370 దగ్గరి కొలత 880తో పోలిస్తే బాగా పెరిగితే పొయ్యిల పొగో, గడ్డి మంటల పొగో కలిసిందని, పెద్దగా తేడా లేకపోతే డీజిల్, పెట్రోలు పొగ ఎక్కువని అంచనా వేస్తారు.

సికింద్రాబాద్ చుట్టూ పరిశోధన

జంట నగరాలకు మసి కొత్త కాదు. 1874లో సికింద్రాబాద్‌కు రైలు వచ్చినప్పటి నుంచి ఆవిరి ఇంజన్లు వెళ్లిపోయేదాకా స్టేషన్ చుట్టుపక్కల బస్తీలన్నీ బొగ్గు పొగ పీల్చాయి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 1920లో పెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా బొగ్గుతోనే నడిచింది. అయితే ఆ రోజుల్లో మసిని కొలిచినవారు లేరు. కొలతలు మొదలయ్యేనాటికి బొగ్గు వెనక్కి పోయి డీజిల్ ముందుకు వచ్చింది.

జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1974లో ఏర్పడి, మొదట్లో సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డు చిరునామాతో పని చేసింది. తర్వాత దాని ప్రధాన కేంద్రం బాలానగర్‌కు మారింది, 2008 నుంచి ఇస్రోలో భాగమైంది. అక్కడి శాస్త్రవేత్తలు కె. మాధవీలత, కె.వి.ఎస్. బదరీనాథ్ నగరపు గాలిలో బ్లాక్ కార్బన్ గురించి 2003 నుంచి వరసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. రోజులో ఏ వేళ మసి ఎక్కువ, ఏ కాలంలో తక్కువ, అడవి మంటల పొగ ఎంత దూరం నుంచి నగరానికి చేరుతుంది వంటి ప్రశ్నలకు ఇక్కడి గాలికి సంబంధించిన జవాబులు వాటిలో దొరికాయి. ఈసీఐఎల్ ప్రాంతంలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఆవరణలో కూడా ఏడాది పొడవునా కొలతలు జరిగాయి.

ఈ పనులన్నిటికీ వెనక ఇస్రో నడిపే జాతీయ కార్యక్రమం ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో కె. కృష్ణమూర్తి, ఎస్. సురేశ్ బాబు తదితరుల ఆధ్వర్యంలో దేశమంతటా ఏరోసాల్ పరిశీలన కేంద్రాల వల ఏర్పడింది. తెలుగు నేల మీద హైదరాబాద్‌తో పాటు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఈ పరిశీలనల్లో పాలు పంచుకున్నాయి. సముద్ర తీరం, కరువు సీమ, మహానగరం ఇలా ఒకదానికొకటి పోలికలేని చోట్ల ఒకే రకం పరికరాలతో కొలవడం వల్ల స్థానిక మసి ఏది, గాలివాటున వచ్చింది ఏది అన్నది విడదీయడం వీలైంది.

ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి

నగరంలో మసి కొలతను రోజంతా గీతగా గీస్తే రెండు శిఖరాలు కనిపిస్తాయి. ఒకటి ఉదయం ఏడు, తొమ్మిది గంటల మధ్య. రెండోది పొద్దుగూకాక మొదలై రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో. జూబ్లీ బస్ స్టేషన్, ప్యారడైజ్, ప్యాట్నీ కూడళ్లలో వాహనాలు కిక్కిరిసే వేళలు కూడా దాదాపు ఇవే కాబట్టి కారణం ట్రాఫిక్కే అనిపిస్తుంది. అది సగం నిజం. మధ్యాహ్నం రోడ్లేమీ ఖాళీగా ఉండవు. అయినా మధ్యాహ్నం మసి బాగా తగ్గిపోతుంది.

మిగతా సగం నేలను అంటుకుని ఉన్న గాలి పొర చేతిలో ఉంది. రాత్రి నేల చల్లబడితే దాన్ని అంటుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. అప్పుడు వాహనాలు, పొయ్యిలు, చెత్త మంటలు వదిలిన పొగ కొన్ని వందల మీటర్ల ఎత్తు లోపలే ఇరుక్కుంటుంది. పొద్దెక్కాక నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతుంది. రాత్రంతా కాస్త పైన నిలిచిన పొగ ముందు కిందికి కలిసి వస్తుంది, అప్పుడే బడి బస్సులూ ఆఫీసు బళ్లూ బయల్దేరతాయి. ఉదయపు శిఖరానికి ఈ రెండూ కారణమే. మధ్యాహ్నానికి కలిసే పొర కిలోమీటరు, ఎండాకాలమైతే రెండు మూడు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. అదే మసి అంత లోతైన గాలిలో పరుచుకుని పలచబడుతుంది.

ఏడాది లెక్కలోనూ ఇదే సూత్రం. హైదరాబాద్ కొలతల్లో చలికాలపు సగటు వర్షాకాలపు సగటుకు రెండు రెట్లకు పైగా ఉంది. చలికాలంలో గాలి పొర పలచన, పైగా ఈశాన్యపు గాలులు ఉత్తరాది మైదానాల పొగను, కోతల తర్వాత తగలబెట్టిన గడ్డి పొగను మోసుకొస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు కనుమల్లో, నల్లమలలో అడవి మంటలు, పోడు మంటలు తోడవుతాయి. జూన్‌లో నైరుతి గాలి అరేబియా సముద్రం మీది శుభ్రమైన గాలిని తెస్తుంది, వాన మిగిలినదాన్ని కడుగుతుంది. భోగి మంటలు వేసే జనవరి తెల్లవారుజాము మూత గట్టిగా బిగుసుకునే వేళ. ఆ పొగ పైకి పోలేక వీధుల్లోనే నిలిచిపోవడానికి కారణం ఇదే.

తొమ్మిది కిలోమీటర్ల దాకా

నేల మీది కొలత వాతావరణ లెక్కకు చాలదు. మేఘాలకు కింద ఉన్న మసి ఒకలా, మేఘాలకు పైనున్న మసి ఇంకోలా పని చేస్తుంది. 2004లో శాస్త్రవేత్తలు విమానంలో ఏథలోమీటర్ పెట్టి హైదరాబాద్ మీద రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కొలిచారు. నేల దగ్గరి పొరలో ఎత్తుతో పాటు మసి త్వరత్వరగా తగ్గింది. ఆ పొర దాటాక మాత్రం తగ్గుదల దాదాపు ఆగిపోయింది. ఇంకా పైన ఏముందన్న ప్రశ్నకు చిన్న విమానంతో జవాబు దొరకదు.

సికింద్రాబాద్ స్టేషన్‌కు ఈశాన్యంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో, ఈసీఐఎల్ దగ్గర టాటా సంస్థ బెలూన్ కేంద్రం ఉంది. దశాబ్దాలుగా ఇక్కడ పలచని పాలిథిన్‌తో భారీ బెలూన్లు తయారు చేసి, హైడ్రోజన్ నింపి, పరికరాలు కట్టి వదులుతున్నారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం 2001 జనవరిలో 41 కిలోమీటర్ల ఎత్తు నుంచి సూక్ష్మజీవుల కోసం గాలి నమూనాలు తెచ్చింది ఇక్కడి నుంచే. అలాంటి ప్రయోగాల్లో కింది పది కిలోమీటర్లూ కేవలం దాటిపోవాల్సిన దారి. మసి పరిశోధనకు కావలసింది సరిగ్గా ఆ పది కిలోమీటర్లే.

2010 మార్చి 17న ఏథలోమీటర్లు కట్టిన బెలూన్‌ను ఇక్కడి నుంచి వదిలారు. తొమ్మిది కిలోమీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీది ఒత్తిడిలో మూడో వంతే ఉంటుంది. నేల మీద హాయిగా నడిచే పంపు అక్కడ చాలినంత గాలి లాగలేదు. అందుకే ఎంత గాలి టేపు గుండా పోయిందో ప్రతి ఎత్తు దగ్గరా ఒత్తిడి, ఉష్ణోగ్రతలను బట్టి సరిదిద్దాల్సి ఉంటుంది. నేల నుంచి పైకి పోయిన కొద్దీ మసి తగ్గుతూ పోయి చివరికి లేకుండా పోవాలన్నది అప్పటి వాతావరణ కంప్యూటర్ నమూనాల్లో మామూలు ఊహ. కొలత అలా రాలేదు. నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర ఒక మసి పొర, ఎనిమిది కిలోమీటర్లకు పైన ఇంకో పొర స్పష్టంగా బయటపడ్డాయి.

ఆ పొరలున్న చోట ఉష్ణోగ్రత కూడా మామూలుగా లేదు. సాధారణంగా కిలోమీటరు పైకి పోతే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. మసి పొరల దగ్గర ఆ పతనం మందగించింది, గాలి కదలకుండా స్థిరపడింది. సురేశ్ బాబు బృందం 2011లో ప్రచురించిన పత్రం శీర్షికలోనే ఒక ప్రశ్న వేసింది: మసి పొరలు పైన తమ ఇల్లు తామే కట్టుకుంటున్నాయా? వారు చూపిన దారి ఇది. మసి ఎండను పీల్చి చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. వెచ్చబడ్డ పొర కింద గాలి పైకి లేవడం తగ్గుతుంది, పై గాలితో కలవడమూ తగ్గుతుంది. దాంతో మసి చెల్లాచెదురు కాకుండా అక్కడే నిలుస్తుంది. నిలిచిన కొద్దీ ఇంకా వేడి పుడుతుంది. వాన మేఘాలకు దూరంగా ఉంటే ఆయుష్షు కూడా పెరుగుతుంది.

అంత ఎత్తుకు మసి ఎలా చేరిందన్నది తర్వాతి ప్రశ్న. బలమైన ఉరుము మేఘాలు నేల దగ్గరి గాలిని పైకి విసరగలవు. రెండో అవకాశం విమానాలు. ప్రయాణ విమానాలు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య ఎగురుతాయి, వాటి ఇంజన్లు మసిని నేరుగా అక్కడే వదులుతాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన గౌరవ్ గోవర్ధన్, ఎస్.కె. సతీశ్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధన, ఎత్తులో కనిపించిన పొరలకు విమానాల మసిని ముఖ్య కారణంగా చూపింది. రుతుపవనాల కాలంలో ఆ మసి ఇంకా పైకెక్కి ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరే ప్రమాదాన్నీ ఎత్తిచూపింది.

నేలకు నీడ, గాలికి వేడి

మసి చేసే పనిని లెక్కగట్టేటప్పుడు మూడు చోట్ల చూస్తారు: వాతావరణం పై అంచు, మధ్యలోని గాలి, నేల. నేలకు చేరాల్సిన ఎండలో కొంత మసి దారిలోనే పట్టేసుకుంటుంది. కాబట్టి నేలకు ఎండ తగ్గుతుంది, గాలికి వేడి పెరుగుతుంది. 1999లో హిందూ మహాసముద్రం మీద జరిగిన ఇండోఎక్స్ అనే అంతర్జాతీయ పరిశోధన ఈ విషయాన్ని గట్టిగా నిరూపించింది. దానికి నాయకత్వం వహించినవారు పాల్ క్రుట్జెన్, వీరభద్రన్ రామనాథన్. అందులో పాల్గొన్న సతీశ్, రామనాథన్ 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, మసి కలిసిన పొగమంచు వల్ల నేల, సముద్ర ఉపరితలం కోల్పోయే ఎండ, పై అంచు దగ్గర కనిపించే మార్పు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. మధ్యలో తేడా అంతా గాలిని వేడెక్కించడానికే పోయింది.

ఎత్తు మారితే ఫలితమే తారుమారు కావచ్చు. బాన్-వైస్, కావో, గోవిందస్వామి బాల, కాల్డేరా అనే శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన నమూనా అధ్యయనంలో ఒకే మోతాదు మసిని వేర్వేరు ఎత్తుల్లో పెట్టి చూశారు. నేల దగ్గర ఉన్న మసి నేలను వేడెక్కించింది. చాలా ఎత్తున, స్ట్రాటోస్ఫియర్ అంచున పెట్టిన మసి నేలను చల్లబరిచింది. పైన వెచ్చబడిన గాలి ఆ వేడిని అంతరిక్షంలోకే వదులుకుంటుంది, కింద మాత్రం నీడే మిగులుతుంది. ఈసీఐఎల్ నుంచి లేచిన బెలూన్ తెచ్చినటువంటి కొలతలు నమూనాలకు ఇంత అవసరం కావడం ఇందుకే. మొత్తం మసి ఎంతో తెలిసినా, ఏ ఎత్తులో ఎంతో తెలియకపోతే లెక్క గుర్తే మారిపోవచ్చు.

మేఘాల సంగతి ఇంకా చిక్కు. మసి ఉన్న పొర వేడెక్కితే అందులోని మేఘం ఆరిపోవచ్చు. మేఘానికి కింద వేడి చేరితే పైకి ఎగసి కొత్త మేఘం పుట్టవచ్చు. కొత్త మసి నీటిని అంటనివ్వదు. కొన్ని గంటల్లో దాని మీద సల్ఫేటు, సేంద్రియ పదార్థాల పూత ఏర్పడితే తేమ పడుతుంది, మేఘ బిందువులకు విత్తనమూ అవుతుంది. అదే పూత కుంభాకార కటకంలా వెలుగును లోపలి మసి మీదకి మళ్లించి, పీల్చే శక్తిని ఇంకా పెంచుతుంది.

రుతుపవనాల మీద ప్రభావంపై శాస్త్రవేత్తల్లో రెండు వాదాలున్నాయి. హిమాలయాల దక్షిణ వాలుల మీద పేరుకున్న మసి, దుమ్ము గాలిని వేడెక్కించి సముద్రపు తేమను ముందుగానే ఉత్తరానికి లాగుతాయని విలియం లావ్ బృందం 2006లో ప్రతిపాదించింది. మసి పొగ హిందూ మహాసముద్రం ఉత్తర భాగానికి ఎండ తగ్గించి, ఆవిరి తగ్గించి, కాలక్రమంలో రుతుపవనాలను బలహీనపరుస్తుందని రామనాథన్ బృందం 2005లో చూపింది. ఈ రెండూ వేర్వేరు నెలల్లో, వేర్వేరు చోట్ల పని చేసే ప్రక్రియలు కూడా కావచ్చు. మంచు మీద మాత్రం అంత వివాదం లేదు. తాజా మంచు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. కొంచెం మసి పడినా అది మాసి, ఎండను పీల్చి త్వరగా కరుగుతుంది. హిమాలయ హిమానీనదాల విషయంలో మసి గురించి ఆందోళన ఇదే.

ప్రపంచ లెక్క

2000 సంవత్సరంలో ప్రపంచమంతా వదిలిన మసి సుమారు 75 లక్షల టన్నులని టామీ బాండ్ తదితర శాస్త్రవేత్తలు 2013లో అంచనా వేశారు. ఆ అంచనాకే 20 లక్షల నుంచి 2 కోట్ల 90 లక్షల టన్నుల దాకా అనిశ్చితి ఉంది. అదే నివేదిక మసి వల్ల భూమికి చేరే అదనపు వేడిని చదరపు మీటరుకు 1.1 వాట్లుగా లెక్కించి, మనుషులు వదిలేవాటిలో కార్బన్ డయాక్సైడ్ తర్వాతి స్థానం దానికే ఇచ్చింది. ఒక టన్ను మసి వందేళ్ల లెక్కలో సుమారు 900 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమని కూడా చెప్పింది.

తర్వాతి పరిశోధనలు ఈ అంకెను బాగా తగ్గించాయి. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక 2021లో మసి ప్రభావాన్ని చదరపు మీటరుకు 0.11 వాట్లుగా, అదీ సున్నాకు అటూ ఇటూ విస్తరించిన అనిశ్చితితో పేర్కొంది. కార్బన్ డయాక్సైడ్‌కు అదే నివేదిక ఇచ్చిన విలువ 2.16 వాట్లు. మసి వేడి పుట్టించదని దీనికి అర్థం కాదు. మసి పుట్టించిన వేడికి మేఘాలు, గాలి తీరు వెంటనే సర్దుకుని అందులో చాలా భాగాన్ని రద్దు చేస్తాయని తేలింది. ప్రపంచ సగటు చిన్నదైనా, మసి దట్టంగా ఉన్న దక్షిణాసియాలో గాలి వేడి, నేల మీది ఎండ కోత, వాన తీరులో మార్పు స్థానికంగా పెద్దవే.

ఎక్కడిది, ఎలా తగ్గుతుంది

మసి ఏ ఇంధనం నుంచి వచ్చిందో కనిపెట్టడానికి రంగుల కొలత ఒక దారి, కార్బన్-14 ఇంకో దారి. కార్బన్-14 సగం కావడానికి 5,730 ఏళ్లు పడుతుంది. కోట్ల ఏళ్లు భూగర్భంలో ఉన్న బొగ్గు, పెట్రోలియంలో అది మిగలదు. నిన్నటిదాకా బతికిన కట్టె, గడ్డి, పిడకలో ఉంటుంది. 2009లో స్వీడన్ శాస్త్రవేత్త ఓర్యన్ గుస్తాఫ్సన్ బృందం మహారాష్ట్రలోని సింహగఢ్‌లో, మాల్దీవుల్లో సేకరించిన కణాలను ఇలా పరీక్షించి, దక్షిణాసియా పొగలో వంటచెరకు, పంట వ్యర్థాల వంటి జీవ ఇంధనాల వాటా చాలా పెద్దదని చూపించింది.

నగరంలో ముఖ్యమైనవి డీజిల్ వాహనాలు, జనరేటర్లు, చెత్త మంటలు, శివార్లలోని ఇటుక బట్టీలు. పల్లెల్లో కట్టెల పొయ్యిలు, వరి కొయ్యకాళ్లకు పెట్టే మంటలు. వీటిని తగ్గించే పనులు కొన్ని వాతావరణం పేరు చెప్పకుండానే మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. కేంద్రం అదే ఉద్దేశంతో 2016 మే 1న ఉజ్జ్వల పథకం ప్రారంభించింది. కనెక్షన్ ఉన్నా సిలిండర్ ఖరీదు భారమై కట్టెల పొయ్యికి తిరిగి వెళ్లే ఇళ్లున్నంత కాలం ఈ పని పూర్తయినట్టు కాదు.

రోడ్ల మీద పెద్ద మలుపు 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలైన భారత్ స్టేజ్-6 ప్రమాణాలు. డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. గంధకం తగ్గితేనే పొగ గొట్టంలో మసిని పట్టి కాల్చేసే వడపోత సరిగా పని చేస్తుంది. అయితే ఈ నియమం కొత్త బళ్లకే. పాత లారీలు, ఆటోలు, జనరేటర్లు రోడ్డు దిగేదాకా వాటి మసి ఆగదు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు, 2017లో వచ్చిన మెట్రో, ఆర్టీసీ 2019లో విమానాశ్రయ మార్గాల్లో నడిపిన 40 ఎలక్ట్రిక్ బస్సులు జంట నగరాల్లో ఈ దిశగా పడిన అడుగులు.

మంటలన్నీ ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. డీజిల్ పొగలో మసి వాటా ఎక్కువ, కాబట్టి దాన్ని తగ్గిస్తే వేడి తగ్గే అవకాశం ఎక్కువ. గడ్డి మంటల పొగలో ఎండను చెదరగొట్టే సేంద్రియ కణాలు మసి కంటే చాలా ఎక్కువ. వాటిని ఆపితే వాతావరణానికి వచ్చే లాభం తక్కువే. ఊపిరితిత్తులకు, గుండెకు మాత్రం రెండు చోట్లా లాభమే. మసి కణాలు శ్వాసనాళాల లోతుకు చేరి, తమ మీద అంటుకున్న విష పదార్థాలను అక్కడ దింపుతాయి. భారతదేశంలో గాలిలోని అతి సన్నని కణాలకు (పీఎం 2.5) ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. బ్లాక్ కార్బన్‌కు ప్రత్యేక పరిమితి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో అంకె పెట్టకుండా, దాన్ని క్రమం తప్పకుండా కొలవాలని, మూలాలను తగ్గించాలని సూచించింది.

ఇస్రో వలలోని కేంద్రాల కొలతలను కలిపి చూసిన ఒక అధ్యయనం 2007 తర్వాతి దశాబ్దంలో భారతదేశంలో నేల దగ్గరి మసి తగ్గుతూ వచ్చిందని 2019లో తేల్చింది. 2020 లాక్‌డౌన్‌లో బళ్లు ఆగగానే అనేక నగరాల్లో మసి కొలత కొద్ది రోజుల్లోనే పడిపోయింది. కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు ఫలితం దశాబ్దాలకు గాని కనిపించదు, మసి తగ్గింపు ఫలితం వారాల్లో కనిపిస్తుంది. అంతమాత్రాన ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని కాదు. మసి తగ్గిస్తే ఊరి గాలి, దగ్గరి వాన, హిమాలయ మంచు త్వరగా కుదుటపడతాయి. శతాబ్దాల లెక్కలో భూతాపాన్ని నిర్ణయించేది మాత్రం కార్బన్ డయాక్సైడే.